పాత టేపులలో దాచిన లెక్కలను తిరిగి తీయుటలో వచ్చు చిక్కులు

మన సంఘ కార్యాలయములోని ఇనుప బీరువా అడుగు అరలో పేకముక్కల కట్టంతేసి ప్లాస్టిక్ పెట్టెలు పద్నాలుగు ఉన్నవి. 1995 మొదలు 2000 వరకు సభ్యుల పొదుపు ఖాతాలు, నూలు పంపిణీ చిట్టాలు, పట్టుచీరల అంచులకు వేయించిన జకార్డు డిజైనులు కంప్యూటరులో ఉండెడివి. వారమునకొకమారు వాని నకలును ఈ పెట్టెలలోని టేపుమీదికి ఎక్కించుచుంటిమి. కంప్యూటరు చెడిపోయినను టేపు ఉన్నదిగదా యని అందరమును నిశ్చింతగా నుంటిమి.

గత సంవత్సరము వానకాలములో, కాలము చేసిన ఒక సభ్యుని భార్య, భర్త పేర నున్న పొదుపు సొమ్ము కొరకు వచ్చినది. ఆమె పాస్‌పుస్తకమును చెదలు తినివేసినవి. మనవద్ద ఆ యేండ్ల లెడ్జరు కప్పు కారి తడిసి, కాగితములు ఒకదానికొకటి అంటుకొని పోయినవి. ఇక మిగిలినది టేపు ఒక్కటే. ఆ యమ్మ తళి బస్సు స్టాండునుండి మూడుమారులు నడిచివచ్చి మూడుమారులును వట్టి చేతులతో తిరిగి పోయినది. నాలుగవ మారు ఆమె రాకముందే ఈ పని ముగించవలెనని కూర్చుంటిమి. అందులో మేము నేర్చినదియు, చెడగొట్టుకొన్నదియు ఇక్కడ వ్రాయుచున్నాము. హోసూరు, డెంకణీకోట ప్రాంతములలో ఇట్టి టేపులున్న సంఘములు, అంగళ్ళు మరికొన్ని యుండవచ్చును.

ముందుగా ఈ టేపు పనిచేయు తీరు తెలియవలెను. మగ్గము నెరిగినవారికి ఇది కష్టము కాదు. 1804లో ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో జకార్డు తన మగ్గమునకు చిల్లుల అట్టలను తగిలించెను. చిల్లు ఉన్నచోట పడుగు దారము లేచును, లేనిచోట లేవదు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ లెక్కించినది ఇట్టి చిల్లుల అట్టలతోనే. తరువాత అట్టకు బదులు అయస్కాంతపు పూత పూసిన టేపు వచ్చినది. పావు అంగుళము వెడల్పు గల టేపును మూసిన పెట్టెలో పెట్టి 1972లో త్రీ ఎం కంపెనీ వెలువరించెను. 1990 దశకములో చిన్న కంప్యూటరులకు ఎక్కువగా వాడినది దీని చిన్న రూపము. దానిపై వ్రాయు పద్ధతికి క్యూ.ఐ.సి.-80 అని పేరు.

ఈ పద్ధతిలో టేపు వెడల్పున 28 గీతలుండును. మొదటి గీత మొదలునుండి చివరకు, రెండవది చివరనుండి మొదటికి వ్రాయబడును. మగ్గములో నాడె ఇటునుండి అటు పోయి తిరిగి వచ్చినట్లే అనుకొనుడు. 307 అడుగుల టేపులో 120 మెగాబైట్లు పట్టును. పెట్టెపై 250 అని అచ్చువేసియుండును గాని, అది సమాచారమును నొక్కి సగము చేసినచో పట్టునని చెప్పుట మాత్రమే. పూర్తి టేపు ఒక్కసారి చదువుటకు సుమారు 50 నిమిషములు పట్టును. అందుచే తొందరపడు పని కాదు.

ఇక అసలు విషయము. మేము చేసిన మొదటి తప్పు, పాత కంప్యూటరును దుమ్ము దులిపి, మొదటి టేపును నేరుగా అందులో దూర్చుట. పది క్షణములలో కీచుమని శబ్దము వచ్చి ఆగిపోయినది. తీసి చూడగా టేపుమీద నల్లని జిగురు. డ్రైవులో టేపును త్రిప్పు చిన్న రబ్బరు చక్రము ఒకటి యుండును. ఇరువది, ముప్పది యేండ్లకు ఆ రబ్బరు తారువలె కరగిపోవును. ఇది ఒక కంపెనీ లోపము కాదు, ఆనాటి రబ్బరు గుణమే అట్టిది. కనుక డ్రైవు విప్పి ఆ చక్రమును వ్రేలితో తాకి చూడనిదే టేపు పెట్టరాదు. మెత్తబడియున్నచో పాత రబ్బరును గీకివేసి, ఇరుసును స్పిరిటుతో తుడిచి, సరియైన లావు గల సిలికాను గొట్టమును ముక్కగా కోసి తొడుగవలెను. మేము బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో వెదకి తెచ్చితిమి. లావు కొంచెము తేడాయైనను టేపు వేగము మారును గాని, అటువంటి చిన్న తేడాను డ్రైవు కొంతవరకు ఓర్చుకొనును.

రెండవది టేపు పెట్టెలోని సన్నని సాగు పట్టీ. రెండు చుట్టలను ఇదియే త్రిప్పును. పాతబడినప్పుడు ఇది వదులగును, లేదా తెగును, లేదా టేపునకు అంటుకొని పూతను లాగివేయును. పడుగులో బిగువు తప్పినచో గుడ్డ ఏమగునో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. పెట్టె వెనుక రేకునకున్న మరలు విప్పి, పట్టీని పరీక్షించి, చెడినచో మంచి పెట్టెనుండి తీసిన పట్టీని వేయవలెను. మా పద్నాలుగింటిలో ఆరింటికి ఇట్లు చేయవలసి వచ్చెను. పట్టీ బాగున్న తరువాత మాత్రమే టేపును ఆ కొసనుండి ఈ కొసకు ఒకమారు పూర్తిగా నడిపించి బిగువు సరిచేయు ఆజ్ఞను సాఫ్ట్‌వేరులో ఇయ్యవలెను.

మరొక మాట. ఈ టేపు కొసలు చుట్టకు అతికించియుండవు. కొస దగ్గర టేపునకు చిన్న రంధ్రములుండును. డ్రైవులోని దీపపు కన్ను వానిని చూచి ఆపవలెను. ఆ కన్నుమీద దుమ్మున్నచో ఆగక, టేపు మొత్తము చుట్టనుండి ఊడివచ్చును. మాకు ఒకటి అట్లు ఊడినది. తిరిగి చుట్టుట సాధ్యమే, కాని ఒక పూట పట్టినది. మన ఊరిలో తొమ్మిదేండ్లనుండి కండెలు చుట్టు అనుభవము గల అమ్మాయి చేసినందున ఆ పని జరిగినదని ఒప్పుకొనవలెను.

యంత్రము సరియైన తరువాత సాఫ్ట్‌వేరు మొరాయించును. టేపు డ్రైవు కనబడలేదని తెరమీద వచ్చినచో, ముందుగా కంప్యూటరు ఆరంభపు సెట్టింగులను, అనగా బయాసును చూడవలెను. ఈ డ్రైవు ఫ్లాపీ తీగకే తగిలియుండును గాని ఇది ఫ్లాపీ కాదు. తెలియనివారు దీనిని రెండవ ఫ్లాపీగా, బి డ్రైవుగా, బయాసులో వ్రాసియుందురు. అట్లు వ్రాసినచో టేపు సాఫ్ట్‌వేరునకు దారి మూసుకొనిపోవును. అచ్చట రెండవ ఫ్లాపీ లేదని వ్రాయవలెను. మా కంప్యూటరులో ఉన్న చిక్కు ఇదియే. రెండు దినములు తీగలు మార్చి మార్చి విసిగిన తరువాత తెలిసినది.

డ్రైవు కనబడి, పరీక్ష మధ్యలో కంప్యూటరు కొయ్యబారినచో కారణము వేరు. ఫ్లాపీ కంట్రోలరు ఇంటరప్టు 6, డి.ఎం.ఎ. 2 అను దారులను వాడును. శబ్దపు కార్డుగాని, నెట్‌వర్కు కార్డుగాని అదే దారిలో కూర్చున్నచో రెండును ఢీకొనును. అక్కరలేని కార్డులన్నిటిని ఊడదీసి, డాస్ మాత్రము నడుపుచు ప్రయత్నించుట మేలు. టేపు నడచునప్పుడు ఫ్లాపీని తాకరాదు. రెండింటికి కంట్రోలరు ఒక్కటే.

టేపు చదువబడలేదని సాఫ్ట్‌వేరు చెప్పి, ఫార్మాటు చేయమందువా యని అడుగును. ఇచ్చట సభ్యులు మిక్కిలి జాగరూకులై యుండవలెను. సరేయని నొక్కితిమా, ఉన్నది కాస్తయు తుడుచుకొనిపోవును. పెట్టెమీద వ్రాత నాపు చిన్న మీట ఉండును. టేపును డ్రైవులో పెట్టకముందే దానిని జరిపి మూయవలెను. ఇది మరచి ఒక టేపును పోగొట్టుకొన్న సంఘమును మేమెరుగుదుము. పేరు చెప్పుట భావ్యము కాదు.

ఏ సాఫ్ట్‌వేరుతో ఎక్కించితిమో దానితోనే దింపవలెను. టేపు కొలతలు అందరికి ఒక్కటేయైనను, సమాచారమును నొక్కు పద్ధతి, ఫైలుల జాబితా వ్రాయు పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. విండోస్ 95తో వచ్చిన బ్యాకప్ ఒక తీరు, డ్రైవుతోపాటు ఫ్లాపీలలో ఇచ్చినది మరొక తీరు. పెట్టెమీద సాఫ్ట్‌వేరు పేరు వ్రాసి పెట్టినవారు ధన్యులు. మాలో ఎవ్వరును వ్రాయలేదు. నాలుగింటిని ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూచితిమి.

సాఫ్ట్‌వేరు దొరికినను జాబితా ఖాళీగా కనబడవచ్చును. బెదరనక్కరలేదు. జాబితా నకలు హార్డుడిస్కులో ఉండును, ఆ డిస్కు పోయినది కనుక జాబితా లేదు. టేపునుండి జాబితాను తిరిగి నిర్మించు ఆజ్ఞ ఒకటి ఉండును. అది ఇచ్చి, భోజనమునకు పోయి రావలెను.

చదువుచుండగా మధ్యలో తప్పులు వచ్చినచో అంతటితో విడువరాదు. ఇందులో ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. టేపుమీద ప్రతి 32 ముక్కలలో 29 మాత్రమే మన సమాచారము. తక్కిన 3 లెక్క కట్టి చేర్చినవి. ఏ మూడు ముక్కలు చెడినను మిగిలిన 29 నుండి వానిని తిరిగి కట్టవచ్చును. జకార్డు అట్టల కట్టలో మూడు చినిగినను తక్కిన అట్టలను చూచి వానిని మరల కొట్టగలిగినట్లు. నాలుగవది చెడినచో మాత్రము సాధ్యము కాదు. కనుక తప్పు వచ్చిన టేపును తీసి, చదువు తలను స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో తుడిచి, మరల చదివించవలెను. మొదట చదువనిది మూడవమారు చదివిన సందర్భములు మాకు కలవు. తప్పు కనబడగానే ఆగుమను సెట్టింగు ఉన్నచో దానిని దాటిపొమ్మని మార్చవలెను. లైనక్సు తెలిసినవారు టేపునంతటిని మొదట ముడిగా నకలు తీసి, పిమ్మట ఫైలులు వెదకుదురు. టేపును అరిగించని పద్ధతి ఇదియే. అయితే ఈ డ్రైవులను నడుపు ఎఫ్‌టేపు అను భాగమును 2007లో లైనక్సునుండి తీసివేసిరి. అంతకు పూర్వపు ప్రతి కావలెను.

ఫైలులు దిగిన తరువాత పాత హార్డుడిస్కును తీసి యు.ఎస్.బి. తీగతో నేటి కంప్యూటరునకు తగిలించినచో చాలును. ఖాతాల పట్టికలు డి.బి.ఎఫ్. ఫైలులు. వానిని లిబ్రే ఆఫీసు తెరచును. కాని పేర్లు పిచ్చిగీతలుగా కనబడినవి. ఆ రోజులలో మన భాషలకు 1991లో నిర్ణయించిన ఇస్కీ సంకేతములు వాడిరి. ఇందులో తెలుగు క యును, తమిళ క యును ఒక్కటే సంఖ్య. మా ఖాతాలు తమిళములో, డిజైను పేర్లు తెలుగులో ఉండినవి. మార్చునప్పుడు లిపి తప్పు ఎన్నుకొనగా, సభ్యుల తమిళ పేర్లన్నియు తెలుగక్షరములలో వచ్చినవి. మూడు భాషల తళిలో అదియేమి వింత యని నవ్వుకొని, వెనుకకు పోయి సరిచేసితిమి. వేరు వేరు కంపెనీల ఫాంటులతో టైపు చేసినవైనచో ఆ ఫాంటు కూడ టేపులో ఉన్నదేమో వెదకవలెను. అది లేనిదే అక్షరము చదువశక్యము కాదు.

పద్నాలుగింటిలో పదకొండు పూర్తిగా చదువబడినవి. ఒకటి సగము చదివి ఆగినది. రెండు పూత రాలిపోయి పనికిరాలేదు, అందులో 1997 డిజైనులు పోయినవి. అంచులో హంసల వరుసయున్న డిజైను కొరకు ఇప్పటికిని అడుగుచున్నారు. దాని పాత అట్టలుగాని, ఆనాటి చీరగాని ఎవరియింటనైన ఉన్నచో తెచ్చి ఇచ్చినయెడల గళ్ళ కాగితముమీద తిరిగి వ్రాయించెదము.

ఆ యమ్మ భర్త ఖాతా తొమ్మిదవ టేపులో దొరికినది. నెలనెల జమలు, నడుమ ఒక అప్పు, అది తీర్చిన తేదీ అన్నియు ఉన్నవి. ముద్రించి కమిటీముందు పెట్టితిమి. వడ్డీతో సహా సొమ్ము ఇచ్చుటకు ఒప్పుకొన్నారు. ఆమె సంతకము చేయుచు, ఆ అప్పు మా పెద్దమ్మాయి పెండ్లికని చెప్పినది.

టేపులున్న సభ్యులు వానిని తేమ తగులని డబ్బాలో పెట్టి, మీట మూసి, ఏ కంప్యూటరులో ఎక్కించినదియు చీటి వ్రాసి, పనిదినములలో కార్యాలయమునకు తెచ్చినచో చదివి ఇచ్చెదము. పెట్టెను ఊపిచూడవలదు. తళి మంచునకు లోపల బూజు పట్టియున్నచో తెరువక అట్లే తెండు.