తొలి ఊపిరి

బిడ్డ భూమ్మీద పడగానే కెవ్వుమని ఏడవాలి. ఆ ఏడుపు వినపడేదాకా ప్రసవపు గది బయట నిలుచున్న అమ్మమ్మకూ నాయనమ్మకూ గుండె కుదుటపడదు. ఆ ఆదుర్దా అకారణమైనది కాదు.

తల్లి గర్భంలో ఉన్నంతకాలం శిశువు గాలి పీల్చదు. ఊపిరితిత్తుల నిండా ద్రవమే ఉంటుంది. ప్రాణవాయువు తల్లి రక్తం నుండి మావి ద్వారా, బొడ్డుతాడు వెంట అందుతుంది. ఊపిరితిత్తులకు అప్పుడు ఎక్కువ రక్తంతో పనిలేదు. కనుక వాటిలోని చిన్న ధమనులు మందమైన కండరపు గోడలతో ముడుచుకొని ఉంటాయి. రక్తంలో చాలా భాగం రెండు అడ్డదారులు పడుతుంది. ఒకటి గుండె పై గదుల నడుమ ఉన్న రంధ్రం. రెండవది ఊపిరితిత్తుల ధమనిని బృహద్ధమనితో కలిపే పొట్టి నాళం.

తొలి శ్వాసతో అంతా తారుమారవుతుంది. ద్రవం ఇంకిపోయి గాలి నిండుతుంది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును ఎక్కువగా తయారుచేస్తుంది. దాని ప్రభావంతో కండరం సడలి, నాళాలు విచ్చుకుంటాయి. ఊపిరితిత్తులకు రక్తం ఎనిమిది పది రెట్లు ఎక్కువగా పారుతుంది. గోడలు పలచబడటం మాత్రం వారాల తరబడి సాగే పని.

వెయ్యిమంది శిశువులలో సుమారు ఇద్దరికి ఈ మార్పు సరిగా జరగదు. నాళాలు ముడుచుకొనే ఉంటాయి; ఊపిరితిత్తులలో రక్తపు ఒత్తిడి తగ్గదు; రక్తం పాత అడ్డదారులనే పట్టి, ప్రాణవాయువును అందుకోకుండానే ఒంటికి పోతుంది. బిడ్డ నీలిరంగు తిరుగుతుంది. గర్భంలోనే విసర్జించిన తొలి మలం ఉమ్మనీటితో కలిసి ఊపిరితిత్తులలోకి పోవడం, సూక్ష్మజీవుల సోకు ఇందుకు ముఖ్య కారణాలు. కొందరిలో గర్భంలోనే కండరం మితిమీరి పెరిగి, కండరమే ఉండకూడని అతి సన్నని నాళాలకు సైతం పాకి ఉంటుంది. ఉదరవితానంలో రంధ్రం ఉండి పేగులు ఛాతీలోకి చొచ్చుకువచ్చిన బిడ్డలలో ఊపిరితిత్తులు ఎదగవు. నాళాల సంఖ్యే తక్కువ.

దీనిని పసిగట్టే ఉపాయం చాలా తేలికైనది. కుడిచేతికి వెళ్లే ధమని ఆ పొట్టి నాళం కలిసే చోటుకు ముందే చీలుతుంది. అందువల్ల కుడిచేతిలో కంటె కాలిలో ప్రాణవాయువు బాగా తక్కువగా ఉంటే వైద్యులు ఈ జబ్బును అనుమానిస్తారు. తేడా లేనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు. రక్తం గుండెలోని రంధ్రం గుండానే పోతూ ఉండవచ్చు. గుండెను స్కానింగు చేస్తే సంగతి తేలుతుంది.

నైట్రిక్ ఆక్సైడ్ గుట్టు విప్పిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. డైనమైట్‌లోని నైట్రోగ్లిజరిన్‌నే ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు 1896లో గుండెనొప్పి మందుగా రాశారు. అది ఒంట్లో పనిచేసేది నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసే! ఈ వాయువును శిశువు పీల్చే గాలిలో, పది లక్షల పాళ్లకు ఇరవై పాళ్లు చొప్పున కలుపుతారు. అది గాలి చేరిన చోటి నాళాలనే సడలించి, రక్తంలో కలియగానే శక్తి కోల్పోతుంది. అందుచేత మిగతా శరీరంలో రక్తపు ఒత్తిడి పడిపోదు. అమెరికా ప్రభుత్వం ఈ చికిత్సను 1999లో అనుమతించింది. ఖర్చు ఎక్కువ కనుక, అది దొరకని ఆసుపత్రులలో సిల్డెనాఫిల్ అనే మందును వాడతారు. నాళాలే తక్కువగా ఉన్న బిడ్డలకు మాత్రం ఈ వాయువు అంతగా పనిచేయదు.