వార్తల్లో పదం: పర్సంటేజీ అద్దె

అమ్మకాన్ని బట్టి అద్దె. శ్రీకాకుళం జీటీ రోడ్డులో బట్టల కొట్టుకు సాధారణంగా నెలకింతని అద్దె. సంక్రాంతి గిరాకీ ఉన్నా, మూఢంలో ఈగలు తోలుకుంటున్నా అంతే. మాల్స్‌లో మాత్రం అమ్మకాల్లో వాటా రాసుకుంటారు. ఉదాహరణకు కనీసం లక్ష, లేదా అమ్మకాల్లో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. అమ్మకం 10 లక్షలు దాటేదాకా లక్షే. 15 లక్షలైతే లక్షన్నర.

మన దగ్గర అద్దెా, వాటానా అన్న గొడవ వార్తలకెక్కింది సినిమా హాళ్ల వల్ల. అద్దె పద్ధతి వద్దు, పర్సంటేజీయే కావాలి, లేదంటే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని 2025 మేలో రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ల ఓనర్లు అన్నారు. తర్వాత వెనక్కి తగ్గారు. ఇక్కడ అద్దె కట్టేది డిస్ట్రిబ్యూటరు, వాటా అడిగేది హాలు ఓనరు. జనం ఎగబడే మొదటి వారం అద్దె ఇచ్చి, పలచబడ్డాక డిస్ట్రిబ్యూటర్లు పర్సంటేజీకి మారుస్తున్నారన్నది ఓనర్ల ఫిర్యాదు. సబబుగానే ఉంది. మల్టీప్లెక్సులకు ఎప్పట్నుంచో వాటాయే మరి!

అసలు పేచీ లెక్క దగ్గర. హాల్లో ఆట ఆటకీ తెగిన టికెట్లు డీసీఆర్‌లో (రోజువారీ వసూళ్ల పట్టీలో) ఎక్కుతాయి, డిస్ట్రిబ్యూటరు మనిషి సరిచూసుకుంటాడు. మాల్‌లో బిల్లింగ్ మెషినే సాక్షి. వాటా జీఎస్టీ తీశాకా, తీయకముందా? ఆన్‌లైన్‌లో కొని కొట్లో తీసుకెళ్లిన చీర అమ్మకంలోకి వస్తుందా? సంతకానికి ముందే తేల్చుకోవాల్సినవి ఇవే.