నశిస్తే పూడని లోటు: గుండె కండరం

గుండె గోడలలో అధిక భాగం హృదయ కండర కణజాలమే. అస్థి కండరాల వలె చారలు కలిగి ఉన్నప్పటికీ, ఇది మన ఇచ్ఛకు లోబడదు. శాఖలుగా చీలిన దీని కణాలు బిళ్లల వంటి అతుకులతో పెనవేసుకొని ఉంటాయి. విద్యుత్ ప్రేరణ ఈ అతుకుల గుండా వేగంగా వ్యాపించడం వల్లనే తొలుత కర్ణికలు, అనంతరం జఠరికలు ఒక్కుమ్మడిగా సంకోచిస్తాయి. రోజుకు సుమారు 1 లక్ష సార్లు సాగే ఈ శ్రమకు కావలసిన శక్తిని కణాలలో కిక్కిరిసి ఉండే మైటోకాండ్రియాలు సమకూరుస్తాయి. అందుకు ప్రాణవాయువు నిరంతరాయంగా అందాలి.

కరోనరీ ధమని పూర్తిగా మూసుకుపోతే సుమారు 20 నిమిషాల నుంచే కణాలు మరణించడం ఆరంభమవుతుంది. యుక్తవయస్సులోనే ఏడాదికి 1 శాతం మేరకు మాత్రమే కొత్త కణాలు ఏర్పడతాయి. నశించిన చోట మిగిలేది సంకోచించలేని మచ్చ. ఛాతీ నొప్పిని అజీర్ణమని భావించి తెల్లవారే వరకు వేచి ఉండటం ఇందువల్లనే ప్రమాదకరం. ఉభయ తెలుగు రాష్ట్రాలలో అంబులెన్స్ కోసం 108 నంబరుకు తక్షణం ఫోన్ చేయవలసి ఉంటుంది.