ఒస్తియొనాల్‌లో తాబేళ్లకు కాపలా

మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో, పసిఫిక్ తీరాన ఉన్న చిన్న ఊరు ఒస్తియొనాల్. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేల సంఖ్యలో ఒక్కసారిగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే అరుదైన తీరాల్లో ఇదొకటి. ఇలాంటి తీర గ్రామాలకు పలు దేశాల నుంచి స్వచ్ఛంద సేవకులు వస్తుంటారు. స్థానికుల ఇళ్లలో ఉండి, తిండికీ వసతికీ డబ్బు కడతారు. పొద్దున్నే అన్నం, నల్ల చిక్కుడుగింజలు కలిపి వేయించిన గాయో పింటో పెడతారు. ఇంటివాళ్లతో కలిసిపోవాలంటే నాలుగు స్పానిష్ ముక్కలు నేర్చుకోవాల్సిందే.

అసలు పని రాత్రిపూట. ముదురు రంగు దుస్తుల్లో, ఎర్ర దీపంతో ఇసుకలో గంటల తరబడి నడవాలి. తెల్లని వెలుగు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరగొచ్చు. తల్లి తాబేలు వెనుక కాళ్లతో గొయ్యి తవ్వి, దాదాపు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పుతుంది. ఆపై ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ దిమ్మిస కొట్టినట్టు అదిమి, సముద్రంలోకి వెళ్లిపోతుంది.

ఈ ఊరివాళ్లకు 1987 నుంచి గుడ్లు ఏరుకునే చట్టబద్ధమైన అనుమతి ఉంది. వింతగా తోచినా దీనికి కారణముంది. ముందు పెట్టిన గుడ్లను తర్వాత వచ్చే తాబేళ్లు తవ్వి పాడుచేస్తాయి. అందుకే తాబేళ్ల గుంపు రాక మొదలైన తొలి గంటల్లో పెట్టినవాటిని మాత్రమే తీసుకోనిస్తారు. బదులుగా ఊరే తీరాన్ని శుభ్రంగా ఉంచి, దొంగల నుంచి కాపాడుతుంది. ఇది మెచ్చుకోదగ్గ ఏర్పాటు.

ఇలాంటి సేవకు వెళ్లాలనుకునేవారు, జంతువుల్ని ఎత్తుకుని ఫొటోలు దిగనిస్తామనే సంస్థలకు దూరంగా ఉండాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా ఆంధ్ర తీరానికీ వస్తాయి. విదేశం వెళ్లలేనివారు ఇక్కడి సంరక్షణ కేంద్రాలకు సాయపడవచ్చు.