పుచ్చు పట్టకముందే పంటిని మాన్పే పేస్టు

విదర్భలోని చామోర్షిలోనో సిరొంచలోనో కిరాణా కొట్టులో దొరికే చిన్న టూత్‌పేస్టు ట్యూబును తిప్పి చూస్తే, చాలావాటి వెనక సన్నటి అక్షరాల్లో సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అని రాసి ఉంటుంది. నురగ, పుదీనా వాసన నోటికి హాయినిస్తాయి. పంటికి పనికొచ్చేది మాత్రం ఆ సన్నటి అక్షరాల్లోని పదార్థమే.

పంటి పైపొర ఎనామిల్. మన ఒంట్లో దానికన్నా గట్టిది లేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే, అందులో ముఖ్యమైనవి కాల్షియం, ఫాస్ఫేట్. అయితే దాన్ని తయారుచేసిన కణాలు పన్ను మొలిచేసరికే నశిస్తాయి. అందుకే విరిగిన ఎముక అతుక్కున్నట్టు ఎనామిల్ తనంతట తాను పెరగదు.

తీపి తిన్నాక పళ్ళ మీది పాచిలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం పెరిగి అక్కడి పీహెచ్ దాదాపు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్ నుంచి ఖనిజం కరిగి పోతుంది. చిత్రమేమిటంటే, మొదట ఎనామిల్ పైభాగం నిలిచే ఉంటుంది, గుల్లబారేది దాని కింద. పన్ను తుడిచి ఆరనిస్తే ఆ చోట సుద్ద రంగు మచ్చ కనిపిస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పంటిని తిరిగి బాగుచేసుకునే అవకాశం ఉన్నది సరిగ్గా ఆ దశలోనే.

పోయిన కాల్షియం, ఫాస్ఫేట్‌లను లాలాజలం మళ్ళీ తెచ్చిస్తుంది. ఫ్లోరైడ్ ఆ ఖనిజ కణికలను అంటుకుని, వాటిని త్వరగా పేరుకునేలా చేస్తుంది. అలా కట్టుకున్న కొత్త పొర పాతదానికన్నా గట్టిపిండం: ఆమ్లం ఇంకా చిక్కబడి పీహెచ్ 4.5 దరిదాపులకు దిగితే తప్ప సులువుగా కరగదు.

ఇంత తెలిసినా దాన్ని పేస్టులో పెట్టడం తేలిక కాలేదు. తొలి ప్రయత్నాల్లో పళ్ళు తోమే పొడిలోని కాల్షియమే ఫ్లోరైడ్‌ను ట్యూబులోనే పట్టేసుకునేది, పంటికి ఏమీ మిగిలేది కాదు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ మ్యూలర్, హ్యారీ డే, విలియం నెబెర్‌గాల్ ఈ చిక్కు విప్పారు. తగరపు ఫ్లోరైడ్‌ను ఎంచుకుని, తోమే పొడిని బాగా వేడిచేసి దాని గుణం మార్చారు. 1955లో ఆ పేస్టు క్రెస్ట్ పేరుతో అంగడికొచ్చింది. 1960లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దాన్ని పుచ్చును అడ్డుకునే పేస్టుగా గుర్తించింది. మన ట్యూబుల్లోని మోనోఫ్లోరోఫాస్ఫేట్ సుద్దపొడితో ఇమిడిపోతుంది, నోట్లోకి వెళ్ళాకే ఫ్లోరైడ్‌ను వదులుతుంది. చవక పేస్టుకు అదే ప్రాణం. ఎన్నో పరీక్షలను కలిపి చూసిన 2003 నాటి కోక్రేన్ సమీక్షలో, ఫ్లోరైడ్ పేస్టు వాడిన పిల్లల్లో పుచ్చు సగటున 24 శాతం తగ్గినట్టు తేలింది.

తెలుగువాళ్ళకు ఫ్లోరైడ్ అంటే ముందు గుర్తొచ్చేది నల్లగొండ గార పళ్ళు, వంగిన నడుములు. మన దేశంలో ఎక్కువ ఫ్లోరైడ్ తెచ్చే ఈ వ్యాధిని తొలిసారి వివరంగా నమోదు చేసింది కూడా తెలుగు నేలనే: 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది, దానికి నల్లగొండ పేరే నిలిచింది. చామోర్షికి పక్కనున్న చంద్రపూర్ జిల్లాలోనూ కొన్ని ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. మరి పేస్టుకు భయపడాలా? అక్కర్లేదు. గార పళ్ళు వచ్చేది చిగురు కింద పళ్ళు తయారయ్యే వయసులో ఏళ్ళ తరబడి కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ వల్ల. పేస్టు పని పంటి పైనే. ఉమ్మేస్తే సరి.

చిన్నపిల్లలు పేస్టును మింగేస్తారు, అందుకే మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళవారికి బఠాణీ గింజంత పేస్టు చాలు, అదీ పెద్దలు దగ్గరుండి తోమించాలి. పెద్దలు తోమాక నురగ ఉమ్మి ఊరుకోవాలి. నోటినిండా నీళ్ళు పోసి పుక్కిలిస్తే ఫ్లోరైడ్ చాలావరకు కొట్టుకుపోతుంది. పొగాకు కాల్చి చేసిన మషేరీతో పళ్ళు రుద్దేవాళ్ళు విదర్భలో ఇంకా ఉన్నారు. అది మచ్చను మాన్పదు సరికదా, నోటి క్యాన్సర్‌కు దారి తీయవచ్చు.

పైపొర విరిగి గుంట పడ్డాక ఏ పేస్టూ దాన్ని పూడ్చలేదు, అప్పుడు దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిందే. సుద్ద రంగు మచ్చలున్నాయేమో, ఇంట్లో పిల్లల ముందరి పళ్ళను వెలుతురులో ఒకసారి చూడండి.