ఊపిరితిత్తులలోని జిడ్డు పొర

ఊపిరితిత్తులలో కోట్లాది వాయుగోణులు ఉంటాయి. ఇవి చిన్న గాలితిత్తులు. వీటి లోపలి గోడలు తడిగా ఉంటాయి. తలతన్యత వల్ల నీటిబొట్టు గుండ్రంగా ముడుచుకొన్నట్లే, ఆ తడి వాయుగోణులను కూడా ముడుచుకొనేటట్లు లాగుతుంది. అలా జరగకుండా ఊపిరితిత్తులే ఒక జిడ్డు పదార్థాన్ని తయారుచేసుకొంటాయి. దానిని సర్ఫక్టెంట్ అంటారు.

నెలలు నిండకుండా పుట్టిన శిశువులలో ఇది చాలినంత ఉండకపోవచ్చు. ఈ లోపమే వారి ఊపిరి కష్టానికి కారణమని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ తెలియజేశారు. కాని అప్పటికి మందు లేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు పాట్రిక్ పుట్టిన రెండు రోజులకే ఈ జబ్బుతో మరణించాడు. 1980లో జపాను వైద్యుడు ఫుజివారా, ఆవు ఊపిరితిత్తుల నుండి తీసిన సర్ఫక్టెంట్‌ను పదిమంది శిశువుల శ్వాసనాళంలోకి పంపాడు. వారి శ్వాస మెరుగుపడింది.

తీవ్రమైన అంటురోగాల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దలకు కృత్రిమ సర్ఫక్టెంట్‌ను తుంపరగా పీల్పించి చూశారు. 725 మందిపై జరిగిన ఈ పరిశోధన 1996లో వెలువడింది. మరణాలు తగ్గలేదు. ఎందువల్ల? శిశువులో కొరవడినదాన్ని చేరిస్తే సరిపోతుంది. పెద్దలలో వాచిన ఊపిరితిత్తులలోకి రక్తంలోని మాంసకృత్తులు ఊరివచ్చి సర్ఫక్టెంట్‌ను పనిచేయనీయవు. పైగా తుంపరలో కొద్ది భాగమే లోపలి వాయుగోణులకు చేరుతుంది.

పైకి ఒకేలా కనిపించే జబ్బులకైనా కారణాన్ని బట్టే చికిత్స చేయాలి.