మెట్ట తాబేలును నూతిలో వేయకండి!

శ్రీకూర్మం: శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మనాథస్వామి ఆలయంలో నక్షత్ర తాబేళ్లను భక్తులు ఎరుగుదురు. స్వామి కూర్మావతారుడు కనుక, మెట్టల్లో దొరికిన తాబేలును గుడికి తెచ్చే వాడుక ఉన్నది. ఇంట్లో పెంచితే కలిసి వస్తుందని నమ్మేవారూ ఉన్నారు. నమ్మకం మంచిదే గాని, దానివల్ల మూగజీవికి ప్రాణహాని కలుగరాదు.

నల్లని డిప్పపై పసుపు గీతలు నక్షత్రాల వలె ఉండే ఈ తాబేలు నీటి జంతువు కాదు. చెరువు తాబేలుకు వేళ్ల మధ్య పొర ఉంటుంది, దీనికి ఉండదు. కాళ్లు స్తంభాల వంటివి. ఈత రాదు. పుణ్యమని నూతిలో వదిలితే మునిగి చస్తుంది.

గడ్డి, ఆకులు, రాలిన పూలు, నాగజెముడు దీని మేత. అన్నం, పాలు పెట్టరాదు. ఎండ తగలక, సున్నపు ధాతువు చాలకపోతే డిప్ప మెత్తబడుతుంది. పొడినేల, పొదల నీడ, లోతులేని పళ్లెంలో నీరు ఉండాలి. తడి గచ్చుపై ఉంచితే చలికి ముక్కు కారుతుంది. నోరు తెరచి ఊపిరి తీస్తున్నదంటే రోగం ముదిరినట్లే.

ఇన్ని తెలిసినా ఇంట్లో పెంచుకొనుటకు వీలు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని పట్టినా, పెంచినా, అమ్మినా నేరమే. దొంగ వ్యాపారం పెరిగినందున 2019లో అంతర్జాతీయ వర్తకాన్నీ నిషేధించారు.

కనుక మెట్టలో తాబేలు కనిపిస్తే దాని దారిన దానిని పోనివ్వండి. గుడికని కూడా తేనక్కరలేదు. గాయపడితే అట్టపెట్టెలో గడ్డి పరచి, గాలికి రంధ్రాలు చేసి, అటవీ శాఖ వారికి కబురు చేయాలి. ఇదివరకే ఇంట్లో ఉన్నదానిని పొలంలో వదలక వారికే అప్పగించాలి. దానికి రోగముంటే మెట్టలోని తాబేళ్లన్నిటికీ అంటుకోవచ్చు.